మాట పూర్తయ్యేదాకా

మా పిన్ని పనిచేసే చోటికి వెళ్ళి ఆమెతో మాట్లాడాలంటే ముందు మెడ పైకెత్తాలి. ఊళ్ళకు నీళ్ళు తోడే పెద్ద పెద్ద పంపులనూ వాటి మోటార్లనూ బాగుచేసే వర్కుషాపు అది. షెడ్డు కప్పు కింద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా ఒక లావుపాటి ఇనుప దూలం ఉంటుంది. దానికి చక్రాలున్నాయి. షెడ్డు పొడవునా పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అదే క్రేను. దూలానికి ఒక చివర వేలాడుతూ ఒక అద్దాల గది, అందులో ఒక కుర్చీ, కుర్చీకి రెండు పక్కలా లివర్లు, ఆ కుర్చీలో మా పిన్ని. ఆ గదిని షెడ్డులో వాళ్ళు గూడు అంటారు.

"పిట్ట ఎక్కిందా?" అని పొద్దున్నే ఒకరినొకరు అడుగుతారు. పిట్ట అంటే మా పిన్నే. ఆమె ఒడ్డూ పొడుగూ చూసినవాళ్ళకు ఆ పేరులో ఎంత ఎగతాళి ఉందో ఇట్టే తెలుస్తుంది.

ఆమె అక్కడ చేరింది మిషన్లు తుడిచే పనికి. క్రేను నడిపే ముసలాయన రిటైరవుతున్నప్పుడు ఆ పని నేర్చుకోవడానికి ఎవరైనా ముందుకొస్తారా అని అడిగారు. పైకెక్కి కిందికి చూసి ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కళ్ళు తిరుగుతున్నాయని దిగిపోయారు. పిన్ని ఎక్కింది, కూర్చుంది, దిగనంది. ఎందుకెక్కావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒకటే జవాబు: "రోజంతా నిలబడి కాళ్ళు పీకేవి. షెడ్డు మొత్తానికి కుర్చీ ఉన్న పని అదొక్కటే."

అమ్మమ్మ మాత్రం, "నేల మీద చూసుకుని నడవడం రానిదానికి ఆకాశంలో ఉద్యోగమిచ్చారు, వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి" అంది.

ముసలాయన పిన్నికి నేర్పింది పెద్దగా ఏమీ లేదట. బరువును లాగకమ్మా, అది ఎటు ఊగుతుందో చూసి దాని వెనకాలే నువ్వు వెళ్ళు, అన్నాడట. ఆమె అలాగే వెళ్ళింది. కొన్నేళ్ళకు ఏనుగంత మోటారును కూడా నిద్రపోతున్న పసిపిల్లను ఉయ్యాలలోంచి తీసినట్టు తీసి పక్కన పెట్టేది. ఆ కుర్చీ మీద ఆమెకు అప్పుడే ప్రేమ పుట్టింది. కాళ్ళ నొప్పి సంగతి ఎప్పుడో మరిచిపోయింది.

క్రేను నడపడానికి ఇద్దరు కావాలి. పైన లివరు పట్టుకునే మనిషి ఒకరు, కింద బరువుకు బెల్టులు కట్టి కొక్కేనికి తగిలించే మనిషి ఒకరు. కింది మనిషి పిన్నికంటే చిన్నవాడు. ఆమె తమ్ముడూ అంటుంది, అతను అక్కా అంటాడు. షెడ్డులో మాత్రం అతని పేరు నీళ్ళు. పంపుల వల్ల వచ్చిన పేరు కాదు. ఏ మాటా నేరుగా చెప్పలేక నీళ్ళు నములుతాడని పెట్టారు. చేతి సైగలు కనిపించినంత సేపూ వాళ్ళిద్దరికీ మాటలతో పనే లేదు. బరువు మరీ పెద్దదై అతను దాని చాటున పడ్డప్పుడు మాత్రం చేతిలోని వాకీటాకీలో చెప్పాలి.

ఆ రోజు అలాగే చాటున పడ్డాడు. ఒక మోటారు మూత ఎత్తాలి. చుట్టూ జనం, తొందర. నీళ్ళ తమ్ముడు బెల్టులు కట్టాడు. ఒకవైపు బెల్టు కాస్త వదులుగా ఉన్నట్టు అనిపించింది. వాకీటాకీ మీట నొక్కి, "అక్కా, కట్టేశాను. కానీ..." అన్నాడు. ఎదురుగా ఇంజనీరు సారు నిలబడి ఉన్నాడు. మిగతా మాట గొంతు దాటలేదు. మీట మీది నుంచి వేలు జారింది.

పైన పిన్నికి వినబడింది: "అక్కా, కట్టేశాను. కానీ."

మన మాటల్లో అదొక వింత మాట. సందేహం ఉన్నా అదే అంటాం, సందేహం లేక కానివ్వమనడానికీ అదే అంటాం. పిన్ని ఎత్తింది. మూత గాల్లో ఒరిగింది, వదులు బెల్టులోంచి జారింది, తమ్ముడి పాదం మీద పడింది.

విచారణలో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అడిగారు. తమ్ముడు చేతికర్ర మీద ఆనుకుని ఉన్నాడు.

"కానీ అన్నాడు సార్, అందుకే ఎత్తాను," అంది పిన్ని.

"కానీ అన్నాను సార్, అందుకే ఆగుతుందనుకున్నాను," అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ నిజమే చెప్పారు. నవ్వాలో ఏడవాలో అక్కడున్నవాళ్ళకు తెలియలేదట. తప్పు ఎవరిదీ కాదని తేల్చి పంపేశారు. తప్పు ఎవరిదీ కాకపోతే అది ఎటూ పోదు, మనిషిని పట్టుకుని వేలాడుతుంది. పిన్నికి కొత్త పేరు వచ్చింది, కానీ అక్క. క్యాంటీన్లో ఎవరో వెనకనుంచి, "చిల్లి కానీ, చెల్లని కానీ" అని కూడా అన్నారు.

ఆ తరవాత ఆమె చెయ్యి మొండికేసింది. లివరు ముందుకు తోస్తుంది, బరువు జానెడు లేస్తుంది, చెయ్యి ఆగిపోతుంది. "కట్టావా?" అని అడుగుతుంది. కట్టానంటారు. మళ్ళీ అడుగుతుంది. చిన్న చిన్న సామాన్లకు కూడా అంతే. షెడ్డులో పనులన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి, బయట లారీ డ్రైవర్లు తిట్టుకోవడం మొదలుపెట్టారు.

ఇంజనీరు సారు చెడ్డవాడు కాదు. పిన్నిని గదిలోకి పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"ఈ నెలాఖరు దాకా చూద్దామమ్మా. చెయ్యి కుదిరితే సంతోషం. లేకపోతే స్టోర్సులో కూర్చుందురు గాని. జీతం తగ్గదు. అక్కడా కుర్చీ ఉంది."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే బాబాయి సంబరపడ్డాడు. ఆయనది కళ్ళజోళ్ళు బాగుచేసే చిన్న దుకాణం. ప్రపంచంలో ప్రమాదమనేది చిన్న స్క్రూ కింద పడి దొరక్కపోవడమే ఆయన లెక్కలో.

"మంచిదేగా. నేల మీద ఉద్యోగం. నాకూ మనసు కుదుటపడుతుంది."

"కుర్చీ ఉందన్నారు. కిటికీ లేదు," అంది పిన్ని. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసింది. ఇంట్లో కూడా చెయ్యి ఆగిపోవడం అప్పుడే మొదటిసారి చూశాం.

తలా ఒక సలహా ఇచ్చారు. ఊపిరి గట్టిగా పీల్చి వదలమని ఒకరు, అంకెలు లెక్కపెట్టమని ఒకరు, మనసులో దేవుణ్ణి తలుచుకోమని ఒకరు. పిన్ని అన్నీ చేసింది. ఊపిరి పీలుస్తూ, అంకెలు లెక్కపెడుతూ, దేవుణ్ణి తలుచుకుంటూ ఉంటే బరువు ఇంకా ఆలస్యంగా లేచింది.

సెలవు రోజున పెరట్లో కుళాయి కారుతోందని ఆమే రెంచి పట్టుకుని కూర్చుంది. కుళాయి ఊడదీసి చేతిలో పెట్టుకుంది. గొట్టం నోరు తెరుచుకుని ఆమె మొహానికి ఎదురుగా ఉంది. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. పిన్ని లోపలికి కేకేసింది. "ఏవండీ, మోటారు వెయ్యొద్దు."

మిక్సీ చప్పుడులో బాబాయికి "ఏవండీ, మోటారు వెయ్య" దాకా వినబడింది. పిలిచీ పిలవగానే పలికే మొగుడు కదా, పరుగున వెళ్ళి స్విచ్చి వేశాడు.

పిన్ని తల నుంచి కాళ్ళ దాకా తడిసి గుమ్మంలో నిలబడింది. బాబాయి ఇంకా స్విచ్చి దగ్గరే ఉన్నాడు, చెయ్యి తియ్యాలో ఉంచాలో తెలియక.

"వెయ్యమన్నావు కదా?"

"వెయ్యొద్దన్నాను."

"వెయ్య అన్నావు. నా చెవులతో విన్నాను."

మూల కూర్చున్న అమ్మమ్మకు చాలా ఏళ్ళుగా చెవుడు. ఎవరైనా మాట్లాడితే చివరిదాకా వాళ్ళ నోరు చూస్తూ కూర్చుని, అప్పుడు జవాబు చెబుతుంది. ఆమె నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"అల్లుడుగారికి చెవులు బాగున్నాయి. అదే వచ్చిన చిక్కు. మాట తల వినగానే పరిగెత్తారు. అవునో కాదో ఉండేది తోకలో కదా నాయనా. నాకు చెవుడు కాబట్టి తోక వచ్చేదాకా కూర్చుంటాను."

బాబాయి నొచ్చుకున్నాడు. "అంతసేపు కూర్చుంటే కొంపలంటుకుంటాయి అత్తయ్యా."

"ఇప్పుడేం అంటుకుంది? తడిసింది," అంది అమ్మమ్మ.

పిన్ని నవ్వలేదు, కోప్పడలేదు. తడి బట్టలతోనే గడప మీద చాలాసేపు కూర్చుంది. నీళ్ళు కారి ఆమె కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి. వెయ్యి, వెయ్యకు, వెయ్యొచ్చు, వెయ్యొద్దు అని తనలో తాను గొణుక్కోవడం నాకు వినిపించింది.

మర్నాడు పని మొదలయ్యే ముందు వాకీటాకీలో షెడ్డంతటికీ చెప్పింది. తనకు ఎవరేం చెప్పినా పూర్తిగా చెప్పాలి. చివర ఎత్తు అనో ఎత్తొద్దు అనో, దించు అనో దించొద్దు అనో ఉండాలి. సగంలో వదిలేసిన మాటకు క్రేను కదలదు. చెప్పిన మాటను తను తిరిగి అంటుంది, అది విని అవును అనాలి. కానీ అనే మాట ఇక షెడ్డులో వినపడకూడదు.

ఆ రోజంతా వేళాకోళాలే. "అక్కా, నేను తుమ్మబోతున్నాను. తుమ్మమంటావా, వద్దంటావా?" అని ఒకడు. క్యాంటీన్లో టీ పోసే ఆయన, "చక్కెర వెయ్య అని సగంలో ఆపకండి, తరవాత నా పూచీ లేదు" అన్నాడట. పిన్ని అందరికీ ఓపిగ్గా జవాబిచ్చింది.

వేళాకోళాలు తగ్గాక చూస్తే ఆమె చెయ్యి ఆడుతోంది. అంతకుముందు ప్రతి బరువుకూ ఆమె వెయ్యి సంగతులకు భయపడేది. ఇప్పుడు మాట చివర కోసం ఒక్కదానికే ఎదురుచూస్తోంది. అది రాగానే లివరు తోస్తోంది. లారీలు సకాలంలో వెళ్ళసాగాయి. సారు ఒకటి రెండుసార్లు పైకి చూసి తలూపాడు. నెలాఖరు దగ్గరికొస్తోంది. స్టోర్సు మాట ఎవరూ ఎత్తలేదు.

కాలు కాస్త ఈడుస్తూ నీళ్ళ తమ్ముడు కూడా పనిలోకి వచ్చాడు.

ఒకరోజు పొద్దుటి నుంచీ సారు ఫోను మోగుతూనే ఉంది. ఒక పేటకు నీళ్ళిచ్చే పంపు బాగై సిద్ధంగా ఉంది. అక్కడ కుళాయిలు ఎండిపోయాయి. లారీ షెడ్డు లోపలికి వచ్చి నిలబడింది, డ్రైవరు ఇంజను కూడా ఆపలేదు. పంపు పెద్దది. తమ్ముడు దాని చాటున కూర్చుని బెల్టులు కట్టాడు. పిన్నికి అతని తల కూడా కనిపించడం లేదు.

"తమ్ముడూ, ఎత్తమంటావా, వద్దంటావా?"

గరగరమని చప్పుడు. "అక్కా... మరి..."

తరవాత ఏమీ లేదు.

సారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే, రెండో చేత్తో పైకి సైగ చేశాడు. పిన్ని కదలలేదు. ఆయన తమ్ముడి దగ్గరికి నడిచి చేతిలోంచి వాకీటాకీ తీసుకున్నాడు.

"అమ్మా, నేను చెప్తున్నా. పూర్తిగానే చెప్తున్నా. కట్టడం అయింది. ఎత్తండి."

ఆ సంగతి మాకు చెప్పిన ప్రతిసారీ పిన్ని ఇక్కడ ఆగుతుంది. ఆమె పెట్టిన నియమం ప్రకారం ఆ మాటలో లోపం లేదు. తల ఉంది, తోక ఉంది. చెప్పింది పై అధికారి. రేపు ఏమైనా జరిగితే ఆయన చెప్పాడనవచ్చు. ఎత్తకపోతే, పిట్ట మళ్ళీ మొదటికొచ్చింది, స్టోర్సుకి పంపండి అంటారు. అన్నిటికంటే వింత, ఆమె చెయ్యి ఆగిపోలేదు. లివరు మీద హాయిగా ఉంది, తోసెయ్యనా అన్నట్టు ఉంది.

"చెయ్యి ఆగిపోయిన రోజుల్లో నాకు చెయ్యంటే భయం," అంటుంది పిన్ని. "ఆ రోజు అది ఆడుతోందే, అప్పుడింకా ఎక్కువ భయమేసింది."

సారు మాట పూర్తయింది. బెల్టు కట్టిన వాడి మాట పూర్తవలేదు. బెల్టు కట్టింది సారు కాదు.

రెండు చేతులూ లివర్ల మీద నుంచి తీసేసింది. ఒడిలో పెట్టుకుంటే మళ్ళీ వెళ్తాయేమోనని వాటికి పని కల్పించింది. ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోసుకుంది. గూటికి అన్ని వైపులా అద్దాలే. ఆమె టీ పోసుకోవడం షెడ్డంతా చూసింది.

"సార్, కట్టినవాడు చెప్పాలి. తమ్ముడు ఎత్తు అంటే ఎత్తుతాను, ఎత్తొద్దంటే ఎత్తను. ఏదో ఒకటి చెప్పేదాకా టీ తాగుతుంటాను."

లారీ డ్రైవరు హారను కొట్టాడు. ఎవరో నవ్వి, వెంటనే ఆపేశారు. పైనుంచి చూస్తే సారు నడినెత్తిన జుట్టు పలచబడ్డ చోటు కనిపిస్తోంది, అది ఎర్రబడింది. ఆయన ఫోనులో ఎవరితోనో, "అయిపోయింది సార్, ఎత్తేస్తున్నారు సార్, ఎత్తేస్తున్నారు" అంటున్నాడు. ఆ క్షణాన ఆయన మీద కోపం రాలేదంటుంది పిన్ని. ఆయన నెత్తిన కూడా ఎవరో కూర్చుని ఎత్తు ఎత్తు అంటున్నారు. ఆయన ఆ మాటనే కిందికి దించుతున్నాడు.

తమ్ముడు వాకీటాకీ తిరిగి తీసుకోలేదు. పంపు చాటునుంచి కాలీడ్చుకుంటూ బయటికొచ్చి, గూటి వైపు చూశాడు. పిన్ని టీ ఊదుకుంటోంది. తొందర లేనట్టే ఉంది. అతను వెనక్కి వెళ్ళి వంగి బెల్టు కింద వేలు పెట్టి చూశాడు. అవతలి పక్కకు వెళ్ళాడు. అక్కడా చూశాడు. ఆ తరవాత సారు ముందుకొచ్చి చెయ్యి చాచాడు. సారు వాకీటాకీ ఇచ్చాడు.

"అక్కా. విప్పి మళ్ళీ కడతాను. ఈ బెల్టు మార్చి కడతాను. అప్పటిదాకా ఎత్తొద్దు."

"విప్పి మళ్ళీ కడతావు. అప్పటిదాకా ఎత్తొద్దంటావు."

"అవునక్కా."

విప్పారు. కొత్త బెల్టు తెచ్చారు. డ్రైవరు ఇంజను ఆపి దిగి, బీడీ వెలిగించబోయి, పొగ తాగరాదన్న బోర్డు చూసి జేబులో పెట్టుకున్నాడు. పంపు లేచింది, లారీ మీద కూర్చుంది, బయటికి వెళ్ళింది. ఆలస్యమైంది. ఆ పేటలో జనం బిందెలతో ఇంకాస్త సేపు నిలబడ్డారు.

తీసేసిన బెల్టును సారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పంపు అంచుకు ఒరుసుకున్న చోట కాస్త నలిగి ఉంది. తెగలేదు.

"ఇది ఆగేదేమో," అన్నాడు.

"ఆగేదేమో సార్," అన్నాడు తమ్ముడు. "నాకు తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి నోరు రాలేదు."

పిన్ని కిందికి దిగింది. పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడింది. తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అంత నిమ్మళంగా టీ ఎలా తాగావక్కా? నాకు నిన్ను చూస్తేనే ధైర్యమొచ్చింది."

"తాగానా?" అంటూ యూనిఫాం చూపించింది. మెడ నుంచి ఒడిదాకా టీ మరక. "ఒక్క చుక్క గొంతులోకి పోతే ఒట్టు. వేడి వేడిగా పోసుకున్నాను ఒంటి మీద."

తమ్ముడు నవ్వాపుకోలేక పెట్టె పట్టుకున్నాడు. అంతలో సారు పిలుస్తున్నాడని కబురు వచ్చింది.

సారు గదిలో బల్ల మీద ఫోను బోర్లించి ఉంది. ఆయన ఆమెను కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు.

"నేను పైవాళ్ళతో మాటలు పడ్డానమ్మా."

"పడ్డారు సార్. పైనుంచి చూశాను."

"ఆ బెల్టు బాగానే ఉందనుకోండి. అప్పుడు ఇదంతా ఎందుకు చేసినట్టు?"

"బాగానే ఉండొచ్చు సార్. తెగితే తెలిసేది. తెగలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు."

"మరి?"

"కట్టినవాడికి నమ్మకం కుదరలేదు సార్. అది నాకు వినబడింది."

"వాడు ఏమీ అనలేదే."

"అదే సార్ వినబడింది."

సారు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడినుంచి షెడ్డు కనిపిస్తుంది, ఖాళీ గూడు కనిపిస్తుంది. పిన్ని స్టోర్సు గదిని తలుచుకుంది. గోడ నిండా అరలు, అరల నిండా డబ్బాలు, ఒక బల్బు. అక్కడ తనకు కొత్తగా ఏ పేరు పెడతారో అనుకుంది.

"రేపు కూడా ఇలాగే తొందర ఉంటుంది. ఇలాగే ఫోన్లొస్తాయి. నేను ఇలాగే అరుస్తాను," అన్నాడాయన వెనక్కి తిరగకుండానే. "అప్పుడూ ఇలాగే ఆగుతారా?"

ఆగనని చెబితే కుర్చీ దక్కుతుందేమో. పిన్నికి ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. ఆమె దాచుకోదు.

"ఆగుతాను సార్."

సారు మొహం రుద్దుకున్నాడు. బోర్లించిన ఫోను బల్ల మీదే గుర్రుమంటూ వణికింది. ఆయన దాన్ని తియ్యలేదు.

"స్టోర్సుకి ఇంకెవరినైనా చూస్తాను. మీరు వెళ్ళి ఎక్కండి. రెండో లారీ వచ్చింది."

పిన్ని సరేనంది. షెడ్డులోకి వచ్చి నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టింది. కింద తమ్ముడు బెల్టులు భుజాన వేసుకుని, తొందరేం లేదక్కా, మెల్లగా ఎక్కు, అన్నాడు. ఆమె మెల్లగానే ఎక్కింది.